వ్యాయామానంతర శీతల స్నానము – ఒక పరిశీలన

ఆరోగ్యమే మహాభాగ్యమను మాట మన పెద్దల నోట నిత్యము వినుచున్నదే. ఆ భాగ్యమును సంపాదించుటకు ఆటలు, వ్యాయామము సాధనములని కూడ అందరును ఎరుగుదురు. కాని ఆట ముగిసిన పిమ్మట శరీరమును ఎట్లు చూచుకొనవలెనను ప్రశ్నను మాత్రము మనము అంతగా విచారింపము. పందెమునకు ముందు ఎంత సాధన చేయవలెనో ఉపాధ్యాయులు చెప్పుదురు. పందెము తరువాత అలసట తీర్చుకొనుటకు ఎవరికి తోచినది వారు చేయుదురు. ఈ రెండవ విషయమును గురించి, అందును ముఖ్యముగా చన్నీట మునుగుటను గురించి, మేము చదివి తెలిసికొనినంతవరకు ఈ వ్యాసమున విన్నవింపదలచినాము.

మమ్ము ఈ విషయమునకు పురికొల్పిన సంఘటన యొకటి కలదు. ఒక సంవత్సరము కబడ్డీ పోటీలు మూడు దినములు వరుసగా జరిగినవి. రెండవనాటి సాయంకాలమునకు మా జట్టువారికి తొడలు, పిక్కలు పట్టివేసి మెట్లు దిగుటయే కష్టమైనది. సముద్రపు నీట అరగంట నిలిచిన నొప్పులన్నియు పోవునని ఒకరు చెప్పగా అందరము వాడరేవుకు బయలుదేరితిమి. చీకటి పడుచుండగా నడుములోతు నీట నిలిచియుంటిమి. కాళ్ళలో సత్తువ లేని మిత్రుడొకడు అల వెనుకకు లాగుటతో పట్టు తప్పి లోనికి పోయెను. ఒడ్డున వలలు సర్దుకొనుచున్న జాలరులు చూచి, నీట దుమికి, అతనిని పట్టి తెచ్చిరి కాబట్టి సరిపోయినది. ఆ రాత్రి మాలో ఎవరికిని సరిగా నిద్ర పట్టలేదు. మరునాటి ఉదయమునకు నొప్పులును తగ్గలేదు. మేము చేసినది వైద్యమా, వట్టి నమ్మకమా అను ప్రశ్న నాటినుండి మా మనస్సులలో నిలిచిపోయినది.

అలసిన శరీరమును బాగుచేసికొనుట ఆటలో ఒక భాగమేనని చెప్పుటకు మన ప్రాంతముననే గొప్ప నిదర్శనము కలదు. చీరాలకు చేరువగా ఇంకొల్లు ప్రాంతమున ఉన్న నాగండ్లలో 1973లో జన్మించిన పుల్లెల గోపీచంద్ 1994లో మోకాలికి తీవ్రమైన గాయము తగిలి ఆటకు దూరము కావలసివచ్చెను. శస్త్రచికిత్సల పిమ్మట ఓర్పుతో కోలుకొని, 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ విజేత అయ్యెను. 1980లో ప్రకాశ్ పదుకొనే తరువాత ఆ గౌరవము పొందిన భారతీయుడు అతడే. సాధన ఎంత ముఖ్యమో కోలుకొనుటయు అంత ముఖ్యమని ఈ జీవితము మనకు బోధించుచున్నది.

పూర్వ చరిత్ర

చన్నీటి చికిత్స నేటి పాశ్చాత్యుల క్రొత్త కల్పన యని కొందరు తలంతురు. అది సరికాదు. యునానీ వైద్యమునకు మూలగ్రంథమని చెప్పదగిన 'అల్ ఖానూన్'లో ఇబ్న్ సీనా (980–1037) చన్నీటి స్నానమును గురించి ప్రత్యేకముగా వ్రాసెను. వయస్సు, బలము, శరీర స్థితి, ఋతువు అనుకూలించినవారికే అది తగునని, అజీర్ణము, విరేచనములు మొదలగు బాధలు గలవారికిని, పసివారికిని, వృద్ధులకును తగదని ఆయన అభిప్రాయము. వేయి సంవత్సరముల నాటి ఈ హెచ్చరిక నేటికిని విలువైనదే.

మన తెలుగునాట ఈ విషయమునకు సంబంధించిన మరియొక చరిత్ర కలదు. జర్మనీ దేశమున లైప్‌జిగ్ నగరవాసియైన లూయీ కూనె తొట్టిస్నానములను ప్రచారము చేయుచు వ్రాసిన గ్రంథమును 1894 ప్రాంతమున ద్రోణంరాజు వేంకటాచలపతిశర్మగారు తెలుగులోనికి అనువదించిరి. భారతదేశమున ప్రకృతి వైద్యోద్యమమునకు అదియే ఆరంభమని చెప్పుదురు. పిమ్మట పది సంవత్సరములకు, అనగా 1904 ప్రాంతమున, అదే గ్రంథము హిందీ, ఉర్దూ భాషలలోనికి వచ్చెను. ఈ విధముగా మన కళాశాలలో వినవచ్చు రెండు భాషలును ఈ విద్యకు తొలి వాహకములైనవి. గాంధీ మహాత్ముడును కూనె స్నానములను ఆచరించి ఇతరులకు చెప్పినవాడే. అయితే సర్వరోగములకు ఒకటే కారణము, ఒకటే చికిత్స యను కూనె సిద్ధాంతమును నేటి శాస్త్రము అంగీకరింపదు. నీటికి గల శక్తి వేరు, ఆ శక్తిని గురించి మనము చేయు అతిశయోక్తి వేరు. ఈ భేదమును వ్యాసమంతటను గుర్తుంచుకొనవలెను.

క్రీడారంగమున మంచుకు ప్రాధాన్యము కల్పించినవారిలో అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్ ఒకడు. గాయము తగిలినచో విశ్రాంతి, మంచు, ఒత్తుడు కట్టు, అవయవమును ఎత్తిపెట్టుట అను నాలుగు సూత్రములను అతడు 1978లో ప్రచారమునకు తెచ్చెను. 2002లో ఇంగ్లండు పరుగు క్రీడాకారిణి పౌలా రాడ్‌క్లిఫ్ యూరోపియన్ పోటీలలో 10,000 మీటర్ల స్వర్ణపతకము గెలిచి, ఐసు తొట్టి తనకు తోడ్పడినదని చెప్పుటతో ఆ పద్ధతి ప్రపంచమంతట వ్యాపించినది. విశేషమేమనగా, మంచు వలన గాయము మానుట ఆలస్యము కావచ్చునని 2014లో మిర్కినే తన పూర్వాభిప్రాయమును సవరించుకొనెను. తాను చెప్పినదానిని తానే దిద్దుకొనుట శాస్త్రజ్ఞునకు అవమానము కాదు, అలంకారము.

నొప్పులు ఏల వచ్చును?

ఆడిన మరునాడు వచ్చు నొప్పులకు కండరములలో పేరుకొనిన లాక్టిక్ ఆమ్లమే కారణమని మైదానములలో నేటికిని చెప్పుచుందురు. ఇది పొరపాటు. శ్రమ వలన రక్తమున పెరిగిన లాక్టేటు సుమారు ఒక గంటలో పూర్వస్థితికి వచ్చును. నొప్పియో, మరునాటికి మొదలై 24 గంటలనుండి 72 గంటల మధ్య హెచ్చుగా నుండును. గంటలో తొలగిపోయినది మూడవనాటి నొప్పికి కారణమెట్లగును?

ఈ నొప్పికి కండరములో ఏర్పడు సూక్ష్మమైన చీలికలు కారణమై యుండవచ్చునని 1902లోనే థియోడర్ హఫ్ అను శాస్త్రజ్ఞుడు సూచించెను. తరువాతి పరిశోధనలు ఆ దారినే నడిచినవి. కండరము బిగిసి యుండగానే సాగవలసి వచ్చినపుడు దాని సన్నని తంతువులు దెబ్బతినును. మెట్లు దిగునపుడు, పరుగు నుండి అకస్మాత్తుగా ఆగునపుడు, కబడ్డీలో ప్రత్యర్థిని పట్టి నిలువరించునపుడు తొడ కండరములు చేయు పని ఇట్టిదే. దెబ్బతిన్న చోటికి రక్తకణములు చేరును, కొంత వాపు ఏర్పడును, నరముల కొనలు సున్నితమగును. పిమ్మట కండరము మరమ్మతు చెంది మునుపటికన్న బలపడును. కాబట్టి ఈ నొప్పి, వాపు కేవలము శత్రువులు కావు. ఇల్లు బాగుచేయుచున్న తాపీమేస్త్రీ చేయు చప్పుడు వంటివి అవి.

చన్నీరు చేయు పని

చన్నీట మునిగినపుడు శరీరమున మూడు ముఖ్యమైన మార్పులు కలుగును. మొదటిది, చర్మము క్రిందను, కండరములలోను రక్తనాళములు సంకోచించి రక్తప్రవాహము తగ్గును. రెండవది, నరముల ద్వారా వార్తలు పోవు వేగము మందగించి నొప్పి తక్కువగా తోచును. మూడవది నీటి ఒత్తిడి. ఒక మీటరు లోతున నీరు సుమారు 74 మిల్లీమీటర్ల పాదరసముతో సమానమైన అదనపు ఒత్తిడి కలిగించును. ఆ ఒత్తిడి కాళ్ళలో చేరిన ద్రవమును పైకి నెట్టును. ఈ మూడవ ప్రయోజనమునకు నీరు చల్లగా నుండనక్కరలేదు.

గాలికన్న నీటికి ఉష్ణవాహకత సుమారు 25 రెట్లు ఎక్కువ. 15 డిగ్రీల గాలిలో చొక్కా లేకుండ కొంతసేపు నిలువగలవాడు 15 డిగ్రీల నీటిలో అంతసేపు ఓర్వలేకపోవుటకు కారణమిదియే.

పరీక్షలు ఏమని చెప్పుచున్నవి?

2012లో ప్రకటింపబడిన కోక్రేన్ సంస్థ సమీక్షలో 17 చిన్న పరీక్షలను, వానిలో పాల్గొనిన 366 మందిని పరిశీలించిరి. ఊరక విశ్రాంతి తీసికొనినవారికన్న చన్నీట మునిగినవారికి తరువాతి దినములలో నొప్పి తక్కువగా నుండినదని తేలినది. అయితే ఎంత చల్లదనము, ఎంత కాలము ఉత్తమమో నిర్ణయించుటకు ఆ పరీక్షలు చాలవని, అపాయములను గురించి వానిలో తగినంత విచారణ జరుగలేదని కూడ సమీక్షకులు వ్రాసిరి. సాధారణముగా 10 నుండి 15 డిగ్రీల నీటిలో 10 నుండి 15 నిమిషములు ఉండుట నేడు వాడుకలో నున్న పద్ధతి.

2014లో ఆస్ట్రేలియా దేశమున మెల్‌బోర్న్ నగరపు విక్టోరియా విశ్వవిద్యాలయము వారు చమత్కారమైన పరీక్ష యొకటి జరిపిరి. తీవ్రమైన సైకిలు వ్యాయామము చేసిన 30 మందిని మూడు జట్లుగా విభజించిరి. ఒక జట్టును సుమారు 10 డిగ్రీల చన్నీటను, రెండవ జట్టును గోరువెచ్చని నీటను ఉంచిరి. మూడవ జట్టువారి గోరువెచ్చని నీటిలో సాధారణమైన సబ్బు కలిపి, అది అలసట తీర్చు క్రొత్త తైలమని నమ్మించిరి. కాళ్ళ బలము తిరిగి వచ్చుటలో ఈ సబ్బునీటి జట్టు చన్నీటి జట్టుతో సమానముగా నిలిచెను. ఏమియు చెప్పని గోరువెచ్చని నీటి జట్టు వెనుకబడెను. నమ్మకమునకు గల బలము ఇంతటిది. చన్నీటి మేలులో కొంత భాగము నీటిది, కొంత భాగము మనస్సుది యని దీనివలన తెలియుచున్నది.

బలమును పెంచుకొనుటకు శ్రమించు విద్యార్థులు ఆస్ట్రేలియాలోనే జరిగి 2015లో ప్రకటింపబడిన మరియొక పరీక్షను శ్రద్ధగా గమనింపవలెను. 21 మంది యువకులు 12 వారములు కాళ్ళకు బరువుల వ్యాయామము చేసిరి. ప్రతి పర్యాయము తరువాత కొందరు సుమారు 10 డిగ్రీల నీటిలో 10 నిమిషములు మునిగిరి, మిగిలినవారు తేలికగా సైకిలు తొక్కిరి. తుదకు కండరముల పెరుగుదలలోను, బలములోను సైకిలు తొక్కినవారే ముందుండిరి. ముందు చెప్పిన తాపీమేస్త్రీని ప్రతిదినము పని మాన్పించినచో ఇల్లు ఎట్లు లేచును? దూరపు పరుగుల శిక్షణకు ఇట్టి నష్టము అంతగా కనిపింపలేదు.

ఈ పరీక్షలనుండి ఒక స్పష్టమైన నియమము ఏర్పడుచున్నది. వరుస దినములలో పోటీలున్నపుడు, రేపటి ఆటకు నేటి నొప్పి తగ్గుటయే ముఖ్యమైనపుడు, చన్నీటి మునక ఉపకరించును. పోటీలు లేని నెలలలో బలము కొరకు సాధన చేయునపుడు దానిని నిత్యము చేయరాదు. తేలికపాటి నడక, కడుపునిండ భోజనము, చాలినంత నిద్ర – ఇవి అన్ని కాలములందును పనికివచ్చు మందులు.

చీరాల నీరు చల్లనిదేనా?

ఇక మన ఊరి సంగతి చూతము. పరీక్షలలో వాడిన నీరు 10 నుండి 15 డిగ్రీలది. మన తీరమున బంగాళాఖాతపు నీరు చలికాలమందు 25 డిగ్రీల ప్రాంతమునను, వేసవిలో 29, 30 డిగ్రీల ప్రాంతమునను ఉండును. బావి నీరు, బోరు నీరు కూడ ఏడాది పొడవున ఇంచుమించు 28 డిగ్రీల దగ్గరనే ఉండును. చేతికి చల్లగా తోచుట వేరు, థర్మామీటరు చెప్పుట వేరు. కాబట్టి వాడరేవు సముద్రమున మేము నిలిచిన అరగంట శాస్త్రము చెప్పిన శీతల స్నానము కానేకాదు. అందువలన కలుగు మేలు స్వల్పము. చీకటిలో, అలసిన కాళ్ళతో, వెనుకకు లాగు అలల నడుమ దానికొరకు ప్రాణమునే పణముగా పెట్టితిమి. వాడరేవు, రామాపురము తీరములలో స్నానమునకు దిగి ప్రాణములు కోల్పోయిన విద్యార్థుల వార్తలు పత్రికలలో మనము చదువుచునే యున్నాము. అలసట తీర్చుకొనుటకు సముద్రమున దిగరాదని మా అనుభవముతో మనవి చేయుచున్నాము.

నిజముగా చన్నీరు కావలెనన్నచో ఎంత ఐసు కావలెనో చిన్న లెక్కతో తెలిసికొనవచ్చును. తొట్టిలో 28 డిగ్రీల నీరు 200 లీటర్లు ఉన్నదనుకొందము. దానిని 14 డిగ్రీలకు తెచ్చుటకు 200ను 14తో హెచ్చింపగా 2,800 కిలోకేలరీల వేడిని తొలగింపవలెను. ఒక కిలో ఐసు కరగుటకు 80 కిలోకేలరీలు, కరగిన నీరు 14 డిగ్రీలకు వచ్చుటకు మరి 14, మొత్తము 94 కిలోకేలరీలు తీసికొనును. 2,800ను 94తో భాగింపగా ఇంచుమించు 30 కిలోలు వచ్చును. తొట్టి గోడలు, వేడిగాలి, మనుష్యుని శరీరము ఇచ్చు వేడికి మరికొంత చేర్చవలెను. చేపల పెట్టెలకు వాడు ఐసు దిమ్మలు దొరకు మన ఊరిలో ఇది అసాధ్యము కాదు. కాని ప్రతిదినము చేయవలసిన ఖర్చును కాదు.

ప్రాణము నిలుపు చన్నీరు

నొప్పులు తగ్గించుటలో చన్నీటి మేలు పరిమితమైనదని చూచితిమి. అయితే దాని మేలు సందేహమునకు తావులేనంత గొప్పదైన సందర్భము ఒకటి కలదు. అది వడదెబ్బ. పత్తి, మిరప పండు ఈ మైదానములలో మే నెల ఎండ ఎట్టిదో పాఠకులకు చెప్పనక్కరలేదు. 2015 వేసవిలో వడగాడ్పుల వలన ఆంధ్రప్రదేశ్‌లో వేయిమందికి పైగా మరణించిరి. ఎండలో పరుగెత్తు యువకునకు వడదెబ్బ తగులుటకు ముసలితనముతో పనిలేదు. శ్రమించు కండరములే అతని శరీరమును లోపలినుండి కాల్చును. శరీరపు లోపలి వేడి 40 డిగ్రీలు దాటి, మాట తడబడుట, తూలుట, పొంతనలేని ప్రవర్తన, స్పృహ తప్పుట మొదలైనచో అది వడదెబ్బయే. చెమట పట్టుచున్నంత మాత్రమున వడదెబ్బ కాదని భావింపరాదు.

ఇట్టివానిని ముందు చల్లబరచి తరువాత ఆసుపత్రికి చేర్చవలెనని క్రీడావైద్యుల ఏకాభిప్రాయము. అమెరికాలోని ఫాల్‌మత్ పరుగుపందెమున 18 సంవత్సరములలో వడదెబ్బ తగిలిన 274 మందిని వెంటనే ఐసునీటి తొట్టిలో ముంచగా అందరును బ్రతికిరని 2015లో ప్రకటింపబడినది. అక్కడ శరీరపు వేడి నిమిషమునకు సుమారు 0.2 డిగ్రీ చొప్పున తగ్గినది. ఆ లెక్కన 41.5 డిగ్రీల జ్వరము పది పన్నెండు నిమిషములలో 39 డిగ్రీలకు దిగును. అరగంటలోపల ఈ పని జరిగినచో ప్రాణముతోపాటు మెదడు, మూత్రపిండములు కూడ దక్కును. ఆ అరగంట వాహనము కొరకు ఎదురుచూచుటలో గడచినచో పిమ్మట ఎంత పెద్ద ఆసుపత్రియైనను చేయగలిగినది తక్కువ.

తొట్టి లేనిచో ఏమి చేయవలెను? ఇందుకు మన పొలములలోని వస్తువే చాలును. మిరపకాయలను, పత్తిని వాననుండి కాపాడు టార్పాలిను పట్టాపై రోగిని పరుండబెట్టి, నలుగురైదుగురు దాని అంచులను ఎత్తి పట్టుకొనినచో అదియే తొట్టి యగును. అందులో నీరు, ఐసు పోసి, పట్టాను ఇటునటు ఊపుచుండవలెను. ఒకరు అతని తలను నీటిపైన నిలిపి పట్టుకొనవలెను. మరియొకరు అంతలో 108కి కబురు చేయవలెను. స్పృహలో లేనివాని నోట నీరు పోయరాదు. థర్మామీటరు లేనిచో సుమారు 10 నుండి 15 నిమిషములు చల్లబరచి, వణకు మొదలైనచో అంతకు ముందే ఆపి, ఆసుపత్రికి తరలింపవలెను. ఐసు దొరకనిచో ఉన్న నీటినే ధారాళముగా పోయుచు విసరుచుండవలెను. మన బోరు నీరు 28 డిగ్రీలదైనను 41 డిగ్రీల శరీరమునకు అది చల్లనిదే. నొప్పులకు చాలదని మేము త్రోసిపుచ్చిన నీరే ఇక్కడ ఉపకారి యగుచున్నది.

జాగ్రత్తలు

చన్నీట దిగిన మొదటి అరనిమిషమున ఊపిరి ఎగబ్రాకును, గుండె వేగముగా కొట్టుకొనును, రక్తపు పోటు పెరుగును. రెండు మూడు నిమిషములలో అది సర్దుకొనును. ఆ సమయమున తల ముంచినచో నీరు ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. గుండె జబ్బు, రక్తపు పోటు, ఉబ్బసము, చలికి వ్రేళ్ళు తెల్లబారు వ్యాధి గలవారు వైద్యుని అడుగక దిగరాదు. ఎవ్వరును ఒంటరిగా దిగరాదు. నీరు 10 డిగ్రీలకు తగ్గరాదు, కాలము 15 నిమిషములు దాటరాదు. నడుమువరకు మాత్రమే, మెల్లగా దిగవలెను. బయటకు వచ్చిన పిమ్మటను కొంతసేపు శరీరము చల్లబడుచునే యుండును గనుక వెంటనే తుడుచుకొని పొడిబట్టలు కట్టుకొనవలెను.

ముగింపు

మేము వాడరేవునుండి తెచ్చుకొనిన ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పగలము. చన్నీటి మునక మూఢనమ్మకము కాదు, సర్వరోగ నివారిణియు కాదు. నొప్పులకు అది సందర్భమును బట్టి వాడుకొనదగిన చిన్న సాయము. వడదెబ్బకు అది ఆలస్యము చేయక అందింపవలసిన ప్రాణరక్షణ.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపము. వేసవిలో ఆటలు జరుగు మైదానమున ఒక టార్పాలిను పట్టా, రెండు నీటి డ్రమ్ములు, కొంత ఐసు, ఒక థర్మామీటరు సిద్ధముగా నుంచుటకు పెద్ద ధనము అక్కరలేదు. పట్టా పట్టుకొను విధమును పదిమంది విద్యార్థులకు ఒక పూట నేర్పినచో చాలును. సాధనలను ఎండ ముదరకముందు ఉదయమునకును, ఎండ తగ్గిన తరువాత సాయంకాలమునకును మార్చినచో ఆ పట్టా అవసరమే రాకపోవచ్చును. కప్పులు, పతకములు అలమరలో చేరుట కళాశాలకు గౌరవమే. ఆటకు వెళ్ళిన ప్రతి విద్యార్థియు సాయంకాలమునకు క్షేమముగా ఇల్లు చేరుట అంతకన్న పెద్ద గౌరవము. ఆనాడు మా మిత్రుని చేయి పట్టి ఒడ్డుకు తెచ్చిన జాలరులకు కృతజ్ఞతతో ఈ వ్యాసమును ముగించుచున్నాము.